ఏడో బావి

ఎల్లస్వామిని నల్లగొండ కోర్టుకు తీసుకుపోయే బస్సు నాలుగింటికి. డిటెక్టివ్ భిక్షపతి రాళ్లబండ ఠాణా మెట్లెక్కేసరికి గోడ గడియారంలో పదకొండూ పది. చేతిలో ఉన్నది అయిదు గంటలైనా నిండా లేదు. ఆలోగా అసలు సంగతి తేలకపోతే హత్యానేరం మీద ఆ మనిషి కోర్టు మెట్లెక్కుతాడు. ఎక్కినవాణ్ణి దించడం ఎంత కష్టమో పదేళ్లు పోలీసు కొలువు చేసి వదిలేసిన భిక్షపతికి ఒకరు చెప్పక్కర్లేదు.

సోమవారం పొద్దున జరిగిన ఘోరం నుంచి ఊరింకా తేరుకోలేదు. బీరన్న అనే రైతు, వంద గొర్రెల మంద ఉన్నవాడు, పూడిక తీద్దామని మూడు రోజులు ఆయిలింజను పెట్టి తన పొలం బావి తోడించాడు. నాలుగో రోజు దిగబోయే ముందు, ఆ చుట్టుపక్కల బావి పని చేసేవాళ్లంతా చేసే పనే తనూ చేశాడు. లాంతరు వెలిగించి, తాడు కట్టి లోపలికి దించాడు. దీపం ఆరిపోతే అడుగున చెడ్డగాలి ఉన్నట్టు. ఆరకపోతే మనిషి దిగవచ్చు. దీపం ఆరలేదు. బావే అంటుకుంది. భగ్గుమని తాటిచెట్టంత మంట లేచింది. గట్టు మీద వంగి చూస్తున్న బీరన్న మళ్లీ లేవలేదు. ప్రాణం మీద తీపితో చేసిన పనే ప్రాణం తీసిందంటే ఎవరికి మింగుడు పడుతుంది?

బావిలో ఉన్నది పెట్రోలని మధ్యాహ్నానికి తేలింది. సాయంత్రానికి ఎల్లస్వామి గుడిసె చూరులో సీసాడు పెట్రోలు దొరికింది. దీపాలు పెట్టే వేళకు ఎల్లస్వామి లాకప్పులో ఉన్నాడు. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ బుచ్చయ్య చేతిలో కేసు పడితే అంతే. ఆ వేగం భరించలేకే భిక్షపతి అయిదేళ్ల కిందట ఆయన దగ్గర హెడ్ కానిస్టేబుల్ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి హైదరాబాదులో డిటెక్టివ్ బోర్డు కట్టుకున్నాడు.

విచిత్రమేమంటే, అతన్ని పిలిపించింది ఎల్లస్వామి తరఫువాళ్లు కాదు. చచ్చిపోయిన బీరన్న భార్య గోపమ్మ.

"నా పెనిమిటిని సంపినోణ్ణి పట్టియ్యి సారూ. సంపనోణ్ణి ఉరి దీస్తె నాకేమొస్తది? ఎల్లస్వామి పన్నెండేండ్ల సంది మా కాడ పని జేస్తుండు. గొర్రెపిల్ల గిట్ట సస్తె నాకంటె ముందు ఆడే ఏడుస్తడు. గసుంటోడు మనిషిని కాలుస్తడా?" అంది ఆమె నిన్న. ఏడ్చి ఏడ్చి గొంతు పోయినా మాటలో తడబాటు లేదు.

లాకప్పు తలుపు తీయించి భిక్షపతి లోపల నేల మీదే కూచున్నాడు. ఎదురుగా ఎల్లస్వామి. నలభై ఏళ్ల మనిషి, బక్కపల్చన, మోకాళ్లు రెండు చేతులతో చుట్టుకుని ఉన్నాడు.

"సీసా నీదేనా?"

"నాదే సారూ."

"అండ్ల పెట్రోలు?"

"నాదే."

"ఏడ దెచ్చినవ్?"

ఎల్లస్వామి మోకాళ్లు ఇంకా దగ్గరికి లాక్కున్నాడు.

"బంకుల కొన్నవా?"

"లే."

"దొంగతనం జేసినవా?"

"నేను దొంగను గాను." ఆ ఒక్క మాటకు తలెత్తి, మళ్లీ దించేశాడు.

"కొనలే, దొంగిలించలే. మరి ఆకాశం కెళ్లి పడ్డదా?"

ఎల్లస్వామి గచ్చు మీద చీమల బారు చూస్తున్నాడు. భిక్షపతి దారి మార్చాడు.

"బీరన్న నిన్ను కొట్టిండటగద?"

"కొట్టిండు. పన్నెండు దినాలైంది. చెర్నకోలతోని రెండు దెబ్బలు."

"ఎందుకు?"

"ఆళ్ల బాయిల కుండ ముంచిన."

"అంతకు మునుపు ఎన్నడన్న ముంచినవా?"

"ఎన్నడు ముంచలే."

"పన్నెండేండ్లు ఆ బాయి గట్టు మీదనే పని జేసినోడివి, ఒక్క దినం ముంచలే. ఆ దినమే ఎందుకు ముంచినవ్?"

"దూపైంది."

"దూపైతే దోసిలి పడతరు, పోసేటోడు పోస్తడు. ఇంటి కెళ్లి కుండ పట్టుకొని రారు గద?"

ఎల్లస్వామి మళ్లీ చీమల బారు కేసి తిరిగాడు. భిక్షపతికి ఒళ్లు మండింది. సాయం చేయడానికి వచ్చినవాడి ముందు నోరు కుట్టుకునే మనిషిని ఏం చేయాలి?

"ఇను. నాలుగింటి బస్సుకు నిన్ను తీస్కపోతరు. ఉరి పడతది. ఎరికేనా?"

"ఎరికే. పడనియ్యి సారూ."

భిక్షపతి హంతకులను చూశాడు, అమాయకులను చూశాడు. ఇద్దరూ ఉరి పేరెత్తితే వణుకుతారు. ఈ మనిషి వణకడం లేదు. దేన్నో పట్టుకుని వదలడం లేదు.

"అయిందా నీ విచారణ?" ఊచల అవతల బుచ్చయ్య నిలబడి ఉన్నాడు. నిజాం కాలం నాటి పోలీసు, మీసం నుంచి బూట్ల దాకా మెరుగు. "భిక్షపతీ, నువ్వు జర తప్పుకో. కేసు సాఫుగుంది. బాయి కాడ దెబ్బలు తిన్నడు. బాయి కాడనే కక్ష తీర్చుకున్నడు. పూడిక తీసేముందు లాంతరు దించుతరని వీనికి ఎరికే. తెల్లారేసరికి పెట్రోలు పోసి ఇంటికి పోయిండు. లాంతరు మిగతా పని చేసింది."

"బంకు టాంకు కారుతుంటే సార్? బంకు ఊళ్లోనే ఉంది గద."

"నన్ను పిచ్చోణ్ణనుకున్నవా? టాంకు కారితే చుట్టూ ఉన్న బావులన్నీ కంపు గొట్టాలె." బుచ్చయ్య అతన్ని బయటికి పిలిచి బల్ల మీద మ్యాపు పరిచాడు. ఎర్ర పెన్సిలుతో ఆరు సున్నాలు. ఊరబావి, బడిబావి, నాలుగు పొలం బావులు. "ఆరు బావుల నీళ్లు పట్టించిన. ఆరిట్ల చుక్క పెట్రోలు లేదు. ఒక్క బీరన్న బావిలనే ఉంది. అంటే చేతితో తెచ్చి పోసిందే. ఇంకేముంది?"

కాదనడానికి లేదు. నిన్న భిక్షపతి కూడా అదే మ్యాపు పట్టుకుని తిరిగాడు. ఆరు బావుల్లో సీసా దించి, వాసన చూసి, నీళ్లు కొబ్బరినీళ్లలా ఉన్నాయని ఒప్పుకున్నాడు.

మ్యాపు కేసి చూస్తూ ఉండగా ఎల్లస్వామి కుండ సంగతి మళ్లీ మెదిలింది. కుండ తీసుకుని అరమైలు నడిచి, దెబ్బలకు తెగించి, ఇంకొకరి బావికి పోవాలంటే ఇంటి దగ్గర నీళ్లకు ఏదో వచ్చి ఉండాలి.

"సార్, వీళ్ల వాడకు బావి లేదా?"

"ఎందుకు లేదు? బంకు వెనక."

"మ్యాపులో లేదేం?"

బుచ్చయ్య రైటరు కేసి చూశాడు. రైటరు కానిస్టేబుళ్ల కేసి చూశాడు. చివరికి ఒక కానిస్టేబులు గోడతో చెప్పినట్టు గొణిగాడు. "హరిజనవాడ బావి సార్ అది. ఆళ్ల చేద మేమెవ్వరం ముట్టలే."

భిక్షపతి మ్యాపు మీద వేలు పెట్టాడు. బంకుకు, బీరన్న బావికి సరిగ్గా నడుమ ఒక బావి ఉంది. దాని నీళ్లు ఎవరూ చూడలేదు, ముట్టకూడదు గనుక. ఆ లెక్కన ఒక మనిషి మెడకు ఉరితాడు పేనారు! అంతకన్నా సిగ్గయిన సంగతి ఇంకొకటుంది. భువనగిరి గుట్ట కింద ఇలాంటి వాడలోనే పుట్టి, ఇలాంటి బావి నీళ్లే తాగి, మిషన్ బడిలో చదువుకుని పైకొచ్చిన తను కూడా నిన్నంతా ఆ మ్యాపు పట్టుకుని తిరిగి, ఏడో బావి ఏదని అడగలేదు. ఖాకీ బట్టలు విప్పినా ఖాకీ చూపు పోలేదన్నమాట. తనను తనే తిట్టుకుంటూ, ఒక కానిస్టేబులును అడిగి వెంటబెట్టుకుని మెట్లు దిగాడు. పదకొండూ యాభై.

బంకు దారిలోనే ఉంది. పెట్రోలు కొట్టే అంజన్న నీడన కూచుని బంకులో బీడీ కాల్చకూడదు గనుక ఊరికే దవడలు ఆడిస్తున్నాడు. పక్కన గోడకు గీతలు గీసిన పొడుగాటి కర్ర ఆనించి ఉంది. భూమిలో ఉన్న టాంకులోకి రోజూ ఆ కర్ర దించి ఎంత తడిసిందో చూస్తారు.

"అంజన్నా, టాంకు ఎన్నడు పాతిపెట్టిండ్రు?"

"మిలిట్రీ లారీలు తిరిగిన కాలంల సార్. పదిహేనేండ్ల మీద్నే అయితది."

"పొద్దుగాల నువ్వే కర్ర దించుతవు. నిరుడు దసరాకు, ఇప్పటికి ఏమన్న తేడా ఉన్నదా?"

అంజన్న రోడ్డు రెండు వైపులా చూశాడు. "మా సేటు చెప్పొద్దన్నడు."

"చెప్పొద్దన్నడంటే చెప్పేది ఉన్నట్టే గద. ఒకడు ఉరికి పోతుండు అంజన్నా."

"రాత్రి బంకు మూసినంక కొలుస్త సార్. పొద్దుగాల తెరవంగనె కొలుస్త. నడుమ ఎవ్వనికి చుక్క పోయం. అయినా నాలుగు వేళ్లు తగ్గుతాంది. దసరా సంది గిట్లనే. సేటుకు చెప్తె ఎండకు ఆవిరైతాందిరా అన్నడు."

"పూస మాసంల చలికి గొర్రెలు వణికినయి. అప్పుడు తగ్గలేదా?"

"తగ్గింది."

"చలికి గూడ ఆవిరైతదా?"

అంజన్న తల దించుకున్నాడు. "నేను గూడ గదే అనుకున్న సార్. అనుకొని ఊకున్న."

భిక్షపతికి కాళ్ల కింద నేల ఒక్కసారి పరాయిదిగా తోచింది. ఏడు నెలలు! రాత్రికి నాలుగు వేళ్ల చొప్పున ఏడు నెలలుగా ఈ నేల పెట్రోలు తాగుతూ ఉంది. తాగినదంతా పల్లానికే పోతుంది. పల్లాన వాడ ఉంది.

హరిజనవాడ బావి దగ్గరికి చేరేసరికి పన్నెండున్నర. ముప్పై గుడిసెలు, నడుమ రాతి గట్టు బావి. అతన్ని చూడగానే నీళ్లు చేదుతున్న ఆడవాళ్లు చేతులాపారు. ఎల్లస్వామి భార్య మైసమ్మ ముందుకొచ్చింది. మొగుడు లాకప్పులో పడిన దగ్గర నుంచి తల దువ్వుకున్నట్టు లేదు.

"అక్కా, దూపైతాంది. ఇన్ని నీళ్లు పొయ్యి."

మైసమ్మ కదలలేదు. "మురికి నీళ్లు సారూ. మీసుంటోళ్లు తాగేటియి గావు."

"నేను గూడ వాడల పుట్టినోణ్ణే. పొయ్యి."

ఆమె ఇంకా కదలలేదు. గాలి ఆగింది. అప్పుడు తగిలింది వాసన. లారీ డ్రైవరు బట్టల దగ్గర వచ్చేలాంటి వాసన, బావి నోట్లోంచి.

భిక్షపతి జేబులోంచి గజానికొక ముడి వేసిన దారం తీసి, సీసా కట్టి దించాడు. ఏడో ముడి దాటి ఇంకో మూరకు దారం వదులైంది. నీళ్లు తగిలాయి. సీసా నిండనిచ్చి పైకి లాగి, ఎండలో గట్టు మీద నిలబెట్టి చేతి గడియారం చూశాడు. మూడు నిమిషాల్లో నీళ్లు రెండు వాటాలయ్యాయి. కింద నీళ్లు. పైన వేలు మందాన ఇంకేదో, సన్నగా మెరుస్తూ.

గుడిసె కంచెల మీద గొంగడి ముక్కలు ఆరేసి ఉన్నాయి. ఇంటికి రెండు, మూడు. నల్ల ఉన్ని, అరచేయంత ముక్కలు. ఇన్ని చింపిన గొంగళ్లు ఎందుకో భిక్షపతికి అర్థం కాలేదు. ఒకటి తీసి వాసన చూసి, గాలికి ఎగువన యాభై అడుగులు నడిచి, బండ మీద పెట్టి అగ్గిపుల్ల గీశాడు. ముక్క భగ్గున లేచింది. అతను చెయ్యి వెనక్కి లాక్కునేలోగా వేళ్ల వెంట్రుకలు కమిలిపోయాయి.

వెనక నుంచి ఎవరూ కేక పెట్టలేదు. కేక పెట్టకపోవడమే అతన్ని దడిపించింది. వీళ్లందరికీ తెలుసు.

మైసమ్మ కూలబడిపోయింది. "చెప్పకు సారూ. నీ కాళ్లు మొక్కుత, ఎవ్వలికి చెప్పకు."

"నీ మొగణ్ణి ఉరి తీస్తరక్కా! ఆ సీసాల పెట్రోలు ఈ బాయిదే గద?"

ఆమె ముఖం కొంగులో దాచుకుని తలూపింది. తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పింది. దసరాకు వాసన మొదలైందట. నీళ్లు కుండలో పోసి రాత్రంతా ఉంచితే పైన నూనె లెక్క తేలేదట. ఉన్ని నూనెను పీలుస్తుంది, నీళ్లను పీల్చదు. అందుకని గొంగడి ముక్క పరిచి, ఎత్తి, సీసాలో పిండేవారట. పారబోస్తే పొయ్యిల నిప్పు అంటుకుంటుందేమోనని భయపడి సీసాలు చూరులో దాచారట.

"మిగిలిన నీళ్లు?"

"తాగుతున్నం."

"పిల్లలు గూడ?"

"పిలగాండ్లకు వాంతులైతున్నయి. ఒళ్లంత దద్దులు లేస్తున్నయి. పోయిన నెల ఇద్దరిని దవాఖానకు తీస్కపోయినం."

ఏడు నెలలుగా ముప్పై కుటుంబాలు పెట్రోలు వడగట్టి తాగుతూ ఉన్నాయి. రోడ్డు పక్కనే, బంకు వెనకనే, ఠాణాకు కూతవేటు దూరంలో. ఎందుకు చెప్పలేదు? పెట్రోలు దొంగలంటారని భయపడ్డారు కాబోలు అనుకున్నాడు. అంతకుమించి అడగలేదు. గడియారం ఒంటిగంట చూపిస్తూ ఉంది మరి.

"బీరన్న ఇంజను నడిపిన మూడు దినాలు మీ బాయిల ఏమన్న అయిందా?"

"నీళ్లు రెండు మూరలు దిగినయి. మళ్ల ఎక్కలే."

ఇక కావలసింది లేదు. అక్కడ ఇంజను లాగినకొద్దీ ఇక్కడి ఊట అటు జరిగింది. ఊటతో పాటు దాని మీద తేలేది కూడా. ఏడు నెలలు వాడ బావిలో ఆగినది మూడు రోజుల్లో బీరన్న బావి చేరింది. ఆయిలింజను వాసనలో దాని వాసన కలిసిపోయి ఉంటుంది. అక్కడికి లాంతరు దిగింది.

వెంట తిప్పుతున్న కానిస్టేబులును ఠాణాకు పంపితే బుచ్చయ్య జీపులో దిగేసరికి రెండు. సీసా చూశాడు. మీసం దువ్వాడు. ఆ మెరుగు మీసం కింద పెదవి కాస్త వంకర పోయింది.

"వాహ్! మొదటి బావిల ఎల్లస్వామి పోసిండు. రెండో బావిల ఎల్లస్వామి డిటెక్టివు పోసిండు. ఎంతకు కొన్నవు గ్యాలను?"

"నేను పోసిందైతే తోడితే పోతుంది గద సార్?"

"పోతది."

"తోడించండి. భూమిలోంచి ఊరేదైతే మళ్లీ వస్తుంది. పోసిందైతే రాదు."

బుచ్చయ్య కానిస్టేబుళ్ల వైపు చెయ్యి ఊపాడు. నలుగురూ బూట్లు చూసుకున్నారు. ఎవరూ తాడు ముట్టలేదు.

"ఏందిరా? మొగోళ్లు గారా?"

"సార్, ఇంటికాడ తెలిస్తె..." అన్నాడొకడు.

బుచ్చయ్య ముఖం కందగడ్డ అయింది. భిక్షపతి ముందు పరువు పోయిందనుకున్నాడో, కేసు మీద అంత నమ్మకమో, బెల్టు తీసి జీపులో పడేసి తనే చేద అందుకున్నాడు. "నేనే తోడుత. చూడు."

రెండూ పదికి మొదలు. నలభై చేదలు లాగేసరికి రెండున్నర. చొక్కా వీపుకు అంటుకుపోయింది. నలభయ్యో చేద నీళ్లలో పైన తేలేది ఏమీ లేదు. బుచ్చయ్య విజయగర్వంతో వగరుస్తూ గట్టు మీద కూచున్నాడు.

"పోయింది. చూసినవా?"

"అరగంట ఆగుదాం సార్."

మూడింటికి భిక్షపతి దారం ఆయన చేతికే ఇచ్చాడు. బుచ్చయ్యే దించాడు, తనే లాగాడు, తనే సీసా ఎండకు పట్టాడు. ఒక నిమిషం. రెండు. మూడు. నీళ్ల మీద గీత పడింది. గీత మందమైంది. ముప్పాతిక వేలు.

బుచ్చయ్య సీసా రెండో చేతికి మార్చి మళ్లీ ఎండకు పట్టాడు. ఒకసారి తేల్చిన సంగతిని ఆయన రెండోసారి చూడడం, పదేళ్లు ఆయన కింద పనిచేసిన భిక్షపతి ఎన్నడూ ఎరగడు.

"ఇంకోసారి," అన్నాడు బుచ్చయ్య. ఇంకోసారి దించాడు. అంతే మందం.

భిక్షపతి అంజన్న కర్ర సంగతి, ఇంజను నడిచిన మూడు రోజుల సంగతి, గొంగడి ముక్కల సంగతి వరుసగా చెప్పాడు. బుచ్చయ్య అడ్డు రాలేదు. అంతా విని, సీసా మూత గట్టిగా బిగించాడు.

"ఒక అమాయకుణ్ణి కోర్టుకు పంపుతున్న," అన్నాడు తనలో తనే. "చేద ముట్టలేదని."

వేగం మాత్రం బుచ్చయ్యను వదలలేదు. జీపు కదిలింది. పావుగంటలో ఎల్లస్వామిని వదిలేయమని ఠాణాకు కబురు పోయింది. ఇంకో పావుగంటలో బంకుకు తాళం పడి, సేటు కోసం మనిషి నకిరేకల్ బయల్దేరాడు. మళ్లీ జీపు వాడకొచ్చింది, ఈసారి వడ్రంగితో, పలకలతో. బావి మీద అడ్డంగా పలకలు పరిచి మేకులు కొట్టించాడు. చుక్క నీళ్లు ముట్టినా, అగ్గి తెచ్చినా కేసు పెడతానని కేకేశాడు. భిక్షపతికి అంతా సబబుగానే తోచింది. నిజం చెప్పాలంటే ఛాతీ కొంచెం ఉబ్బింది కూడా. బస్సుకు ఇంకా పది నిమిషాలుండగా కేసు తేల్చాడు మరి.

అప్పుడే ఎల్లస్వామి వచ్చాడు. సంకెళ్ల గుర్తులున్న మణికట్లు రుద్దుకుంటూ సందు తిరిగి, బావి మీది పలకలు చూసి నిలబడిపోయాడు. భార్యను చూడలేదు. మేకుల్నే చూశాడు.

"ఎవలు జెప్పిండ్రు?"

"నేనే జెప్పిన ఎల్లస్వామీ. నువ్వు ఇడుదలైనవ్."

"నన్ను ఇడిపించనీకె మా బాయి మూపిచ్చినవా సారూ?"

భిక్షపతికి అర్థం కాలేదు. ఎల్లస్వామి గొంతు పెంచలేదు.

"బాయిల పెట్రోలున్నదంటె సర్కారు మూపిస్తదని నాకు ఎరికే. గందుకే నోరు మూసుకున్న. కంపు గొట్టినా నీళ్లే గద, తాగుతున్నం. గిది మూసినంక ఏడ తాగాలె? ఊరబాయి మీదికి మమ్ముల రానిస్తరా? బీరన్న పటేలు మంచోడు. గా మంచోడే కుండ ముంచితె చెర్నకోల తీసిండు. ఉరి పడితె నేనొక్కణ్ణి పోయేటోణ్ణి. ఇప్పుడు ముప్పై ఇండ్లు పోతయి."

భిక్షపతి పలకల మీది మేకుల కేసి చూశాడు. లాకప్పులో ఆ మనిషి వదలకుండా పట్టుకున్నది ఇదన్నమాట. వాడకున్న ఒక్క బావి కోసం మెడ ఇవ్వడానికి సిద్ధపడ్డాడు. తను గొప్ప తెలివితో ఆ పట్టు విడిపించాడు. మైసమ్మ కాళ్లు మొక్కుతానన్నప్పుడు ఎందుకని ఒక్క మాట అడిగి ఉంటే! వాడలో పుట్టినోణ్ణే అని చెప్పుకున్న నోటికి ఆ ఒక్క మాట రాలేదు.

మైసమ్మ లేచింది. ఖాళీ కుండ చంకనెత్తుకుంది. ఊరబావి దారి పట్టింది. ఆమె వెనక ఇంకొక ఆడమనిషి, ఆ వెనక ఇంకొకరు. చూస్తుండగానే ముప్పై కుండలు దారిన పడ్డాయి. ఎల్లస్వామి వాళ్ల పక్కన నడిచాడు.

"ఆపు వాళ్లను!" బుచ్చయ్య గాభరాగా అన్నాడు. "ఊళ్ల తలలు పగులుతయి."

"ఆపాల్సింది వీళ్లను కాదు సార్. బావి దగ్గర అడ్డం నిలబడేవాళ్లను. యాభై అయిదులో చట్టం వచ్చింది. అంటరానితనం నేరం. నేను హెడ్ కానిస్టేబుల్‌గా ఉన్నప్పుడు మీరే చదివి వినిపించారు."

"చదివి వినిపించిన," అన్నాడు బుచ్చయ్య. ఇద్దరూ, వెనక నలుగురు కానిస్టేబుళ్లూ, కుండల వెంట పరుగులాంటి నడక నడిచారు.

కబురు వాళ్లకన్నా ముందే ఊరు చేరింది. ఊరబావి గట్టు చుట్టూ నలభై మంది దాకా మగవాళ్లు. కొందరి చేతుల్లో గొర్రెల కాపరుల కర్రలు. ఆ గుంపుకు ముందు, మెట్ల మీద చేతులు రెండు బార చాపి ఒక ఆడమనిషి నిలబడి ఉంది. దగ్గరికి పోతే గాని భిక్షపతి తన కళ్లను నమ్మలేదు.

గోపమ్మ.

ఎల్లస్వామి ఆగిపోయాడు. "అమ్మా," అన్నాడు.

గోపమ్మ అతన్ని చూసింది. కళ్లు నీళ్లతో నిండాయి. బతికి వచ్చినందుకు సంతోషమే ఆ ముఖంలో కనబడింది. అందులో అబద్ధమేమీ లేదు. చేతులు మాత్రం దించలేదు.

"వచ్చినవా బిడ్డా," అంది. తర్వాత భిక్షపతి వైపు తిరిగింది. "సారూ, ఎల్లస్వామి బంగారమసుంటోడు. ఆణ్ణి ఇడిపియ్యమన్న, ఇడిపిస్తివి. నీ మేలు మరువ. కని ఊరబాయి మీదికి తీస్కరమ్మన్ననా?"

కర్రలు పట్టుకున్న మగవాళ్లు ఒక అడుగు ముందుకేశారు. కానిస్టేబుళ్లు నలుగురూ ఇన్‌స్పెక్టర్ ముఖం కేసి చూస్తున్నారు. చేదతాడు లాగి ఒరుసుకుపోయిన అరచేతులు చూసుకుంటూ బుచ్చయ్య ఇంకా ఎవరిని ఆపమనీ చెప్పలేదు.

మైసమ్మ ఆగలేదు. కుండ చంక మార్చుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.